థాంక్స్ చెప్పని చెయ్యి

సెలవుల్లో డేరా వేసుకుని తిరగడమంటే మా ఇంట్లో సగం దుమ్ము, సగం దెబ్బలాట. మా దేశంలో జనవరి అంటే నడివేసవి. ఆ ఎండల్లో మా ఊరు బాహియా బ్లాంకా నుంచి పాత వ్యాన్‌లో బయల్దేరి, దక్షిణాన ఉన్న పార్కులన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోతున్నాం. బండి నడిపేది నా భర్త రూబెన్. పక్కన కూర్చుని, ఎవరూ అడక్కపోయినా దారి చెప్పేది మా అత్తగారు ఎల్బా. వెనక సామాన్ల మధ్య నేను, మా ఆరేళ్ల తెయో.

ఆ సాయంత్రం కంకర రోడ్డు ఒక సరస్సు దగ్గర ఆగిపోయింది. మేమూ ఆగాం. ఇంకే బండీ లేదు. మంట వేయకూడదని పార్కువాళ్లు బోర్డు పెట్టారు. కొండ అవతల తగలబడిన అడవి వాసన ఇంకా గాలిలో ఉంది.

"మాంసం కాల్చుకోని కాడికి ఇంత దూరం రావడమెందుకు?" అన్నాడు రూబెన్.

"నీ నోటి రుచికి ఇంకో కొండ తగలెయ్యాలా? మాంసం కూరి చేసిన ఎంపనాడాలున్నాయి, చల్లారినవైనా. తిను" అంది అత్తగారు.

తిన్నాక మాతే, మా చేదు ఆకు టీ. గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి ఫ్లాస్కు నింపాను. మా దగ్గర పోసేది ఎప్పుడూ ఒక్కరే, మా ఇంట్లో అది నేను. సొరకాయ బుర్రలో ఆకు మీద వేడినీళ్లు పోసి ఒకరికిస్తే, వాళ్లు గొట్టంతో అడుగు దాకా గుర్రుమని పీల్చి, ఖాళీ బుర్ర మళ్లీ నా చేతికే ఇవ్వాలి. మళ్లీ పోసి పక్కవాళ్లకి. అలా తిరుగుతూనే ఉంటుంది. ఇక చాలనుకున్నవాళ్లు థాంక్స్ అంటారు. అన్నారంటే లేచి వెళ్లిపోయినట్టే. అననివాళ్ల వంతు ఎగ్గొట్టడం మర్యాద కాదు.

తెయో అంతకుముందు పాలు, చక్కెర కలిపిందే తాగేవాడు. ఆ రోజే మొదటిసారి పెద్దవాళ్లతో కూర్చున్నాడు. ఒక్క గుక్కకే మొహం వికారంగా పెట్టాడు.

"చేదా? థాంక్స్ చెప్పేసి పోయి పడుకోరా" అన్నాడు రూబెన్.

"నేను చెప్పను!"

"అచ్చం మీ తాతే. థాంక్స్ అనాలంటే ఆయనకీ ప్రాణం మీదికొచ్చేది" అంది అత్తగారు.

"ఎప్పటికీ చెప్పకపోతే ఏమవుతుంది, నానమ్మా?"

"ఏముంది, మీ అమ్మ ఎప్పటికీ పోస్తూనే ఉంటుంది. చచ్చినట్టు."

నవ్వుకున్నాం.

నేను రాయి మీద, పొయ్యి పక్కన కూర్చున్నాను. ఎదురుగా పడిపోయిన చెట్టు మాను. దాని మీద రూబెన్, అత్తగారు, ఆ పక్కన తెయో. వాడి అవతల ఆ మాను ఇంకా సాగి సరస్సు వైపు చీకట్లోకి పోయింది.

లాంతరు ఆరిపోయింది. బ్యాటరీలు రేపు మారుద్దామని బద్ధకించాం. మాతే పోయడానికి నాకు వెలుతురు అక్కర్లేదు, ఇన్నేళ్ల అలవాటు. చీకటి మెల్లగా చిక్కబడింది. తడి ఆకుల వాసన, బురద వాసన. తెయో తల వాల్చేశాడు. వాడి జెర్సీ మీది తెల్లచార ఒక్కటే కనబడుతోంది.

అప్పుడు గాలి ఆగింది.

ఆ వైపు గాలి ఎప్పుడూ ఆగదు. ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది.

రూబెన్ థాంక్స్ చెప్పి పరుపులు సర్దడానికి వ్యాన్‌లోకి వెళ్లాడు. తర్వాతి వంతుకి అత్తగారు, "థాంక్స్ అమ్మాయ్, నా నడుం ఇక లాభం లేదు" అంటూ లేచింది. ఇంకొక్కటి నేను తాగి పిల్లాణ్ణి ఎత్తుకుందామని బుర్ర నింపాను. ఎదురుగా చెయ్యి వచ్చింది. ముసలావిడ మనసు మార్చుకుందనుకుని ఇచ్చాను. గుర్రుమని పీల్చిన చప్పుడు. ఖాళీ బుర్ర తిరిగొచ్చింది. మళ్లీ పోసి ఇచ్చాను. మళ్లీ గుర్రు.

డేరాలోంచి అత్తగారి గొంతు.

"ఇంకా ఎవరికి పోస్తున్నావే?"

తలెత్తి చూశాను. చెయ్యి మళ్లీ చాచి ఉంది. తెయో అవతలి నుంచి... వాడి ఒడి మీదుగా. వేళ్లు తడిగా ఉన్నాయి. మసిలే నీళ్లున్న బుర్రని పట్టుకున్నా చల్లగానే ఉన్నాయి.

పిల్లాణ్ణి లాక్కుందామని లేచాను. తెల్లచార జానెడు దూరం జరిగింది. సరస్సు వైపు.

కూర్చున్నాను. ఆగింది.

పోశాను. ఇచ్చాను.

రూబెన్ వట్టికాళ్లతో వచ్చాడు. "ఏమైంది?"

"అరవకు. నీళ్లు కాచు."

"హెడ్‌లైట్లు వెయ్యనా?"

"వద్దు... కదిలితే వాణ్ణి లాగుతోంది."

అతను డబ్బాలోంచి కెటిల్‌లోకి నీళ్లు వంచి పొయ్యి వెలిగించాడు. నీలం మంట వెలుగులో ఆ చెయ్యి మణికట్టు దాకా కనబడింది. ఆ పైన ఏమీ కనబడలేదు. రూబెన్ గొంతులోంచి చిన్న చప్పుడొచ్చింది, అంతే.

పోశాను. గుర్రు. పోశాను. గుర్రు. ఆకులో చేదు ఎప్పుడో పోయి ఉంటుంది. దానికి పట్టలేదు. థాంక్స్ అనలేదు. మంట చిన్నదైంది... ఇంకా చిన్నదైంది... ఆరిపోయింది. ఇంకో సిలిండరు లేదు. ఫ్లాస్కు తలకిందులు చేస్తే సగం బుర్రే నిండింది. ఇచ్చాను. ఖాళీని చాలాసేపు పీల్చింది. బుర్ర నా చేతిలో పెట్టింది. మళ్లీ చాచింది.

"అయిపోయాయి" అన్నాను. "నా దగ్గర ఇక లేవు."

ఖాళీ ఫ్లాస్కు బోర్లించి చూపించాను.

"థాంక్స్, అమ్మా."

తెయో గొంతు. నిద్రమత్తులో, బుద్ధిగా. మాను మీద నుంచి కాదు. దూరంగా, నీళ్ల వైపు నుంచి.

రూబెన్ పరుగెత్తి హెడ్‌లైట్లు వేశాడు. మాను మీద తెయో కూర్చుని ఉన్నాడు. తన చోటే. కళ్లు తెరిచి మమ్మల్నే చూస్తున్నాడు. పక్కన ఎవరూ లేరు. వాణ్ణి ఎత్తుకుని, అత్తగారిని డేరాలోంచి లాక్కుని వ్యాన్‌లో పడ్డాం. డేరా అక్కడే వదిలేశాం. సరస్సు మీద మాటలు ఎటో వెళ్లి ఎటో వినిపిస్తాయని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

బడులు తెరిచారు. తెయో బాగానే చదువుతున్నాడు. స్నేహితుల పేర్లన్నీ తెలుసు. నన్ను అమ్మా అనే పిలుస్తాడు. సాయంత్రం నేను మాతే పెట్టగానే వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. చేదుగా, మసిలేది మసిలేట్టే, గుర్రుమనేదాకా పీల్చి బుర్ర తిరిగిస్తాడు. చెయ్యి చాస్తాడు. ఇంతవరకూ ఒక్కసారీ థాంక్స్ అనలేదు. మొదట్లో అత్తగారు నవ్వేది. ఇప్పుడు వాడు రాగానే తను థాంక్స్ చెప్పి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. రూబెన్ ఎవరికీ చెప్పకుండా ఒకసారి ఆ సరస్సుకి వెళ్లొచ్చాడు. "నీళ్ల వైపు తిరిగి వాణ్ణి ఎంత పిలిచినా..." అని ఆపేశాడు.

నిన్న ధైర్యం చేశాను. నింపిన బుర్రని ఇవ్వకుండా పట్టుకుని, "ఒక్కసారి థాంక్స్ అను నాన్నా" అన్నాను.

వాడు చాచిన చెయ్యి తీయలేదు. నవ్వాడు.

"ముందు నువ్వను, అమ్మా."

అన్నవాళ్లు లేచి వెళ్లిపోవాలి. బుర్ర ఇచ్చేశాను. లేచి ఇంకో కెటిల్ నీళ్లు పెట్టాను.