ఆరు గంటల నలభై నిమిషాలు

ఎనిమిది కొట్టగానే ఆమె కుట్టుమిషనుకీ గోడకీ మధ్య కుర్చీ ఇరికించి కూర్చుంది. నడుము చుట్టూ గుడ్డపట్టీ బిగించి ముడేసుకుంది.

"ఇదేంటత్తయ్యా?" అంది కోడలు చీపురుతో వచ్చి.

"విమానం బయల్దేరింది. పక్కకి జరుగు, రెక్క తగులుతుంది."

ముందుగదిలో వాచీలు బాగుచేస్తున్న కొడుకు తలెత్తి చూశాడు. నిన్న పంతానికి దిగింది అతనే. "ఎనిమిదికి ఎక్కితే రెండు నలభైకి దిగుతావు. మూడు వేల కిలోమీటర్లు, ఆరు గంటల నలభై నిమిషాలు. నీ మోకాళ్ళతో కుదరదమ్మా. టికెట్టు రద్దు చేయించేస్తాను."

"కూర్చుని చూపిస్తే?"

"చూపించు, అప్పుడు చూద్దాం."

ఆ టికెట్టు పంపింది పరాయి దేశంలో ఉంటున్న ఆమె చెల్లెలు. ఇద్దరూ నేరుగా కలుసుకుని ముప్పై ఒక్క ఏళ్ళు. చెల్లెలికి చూపు తగ్గిపోతోంది. "ఫోనులో మసగ్గా ఉంటున్నావక్కా. ఉన్న ఈ కాస్త చూపూ పోకముందే నీ మొహం దగ్గర్నించి చూడాలి" అంది.

పది దాటేసరికి నడుము పీకడం మొదలైంది. రెండుసార్లు బాత్రూముకి వెళ్ళొచ్చింది. "విమానంలోనూ ఉంటుంది, నోరెత్తకు" అంది కొడుకు ఏమీ అనకముందే.

పదకొండుకి అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇక చాలు, లే. కాళ్ళెలా వాచాయో చూడు."

"నిన్ను పెంచడానికి రోజుకి పది గంటలు ఈ మిషను ముందే కూర్చున్నాను. అప్పుడు నా కాళ్ళు ఎవరు చూశారు?"

"నీకేమన్నా అయితే? నాన్నని బస్సెక్కించిందీ నేనే. తిరిగొచ్చారా?"

ఆమె నడుముకున్న ముడి సవరించుకుంది.

"మీ నాన్న పోయింది ఏడు కిలోమీటర్ల దూరంలోరా, మూడు వేలు కాదు. నువ్వు వీధి మలుపు తిరిగితేనే వచ్చేదాకా తలుపు దగ్గర నిలబడేదాన్ని నేను. నాకు భయం లేదనుకున్నావా? భయంతోనే ఎక్కుతాను."

పన్నెండున్నరకి చెల్లెలి ఫోను వచ్చింది. కోడలు స్పీకరు పెట్టింది.

"ఏం చేస్తున్నావక్కా? నేనిప్పుడే కునుకు తీసి లేచాను. మూడయింది, టీ పెట్టుకోవాలి."

కోడలు గోడ గడియారం వైపు చూసింది. చటుక్కున భర్త జేబులోంచి టికెట్టు లాగింది.

"ఏవండీ, రెండు నలభై అక్కడి టైము! మనకి పన్నెండు పదే. ప్రయాణం నాలుగు గంటల పది నిమిషాలే. అత్తయ్య దిగి ఇరవై నిమిషాలైంది!"

"ఊరందరి గడియారాలూ సరిచేస్తాడు," అందామె కొడుకుని చూస్తూ. "వాళ్ళ పిన్ని ఇంట్లో ఎంతయిందో తెలీదు. నాకూ తట్టలేదనుకో."

"సరే, నాదే తప్పు. దిగిపోయావుగా, లే" అన్నాడతను.

"లేవను. నువ్వు చెప్పిన రెండు నలభైదాకా కూర్చుంటాను. కుదరదన్న మాట మళ్ళీ నీ నోట రాకూడదు."

అతను నేలమీద చతికిలబడి, ఆమె పాదాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. రెండు నలభై అయ్యేదాకా వాటిని ఒత్తుతూనే ఉన్నాడు. తర్వాత తనే ముడి విప్పి, టికెట్టు ఆమె చేతిలో పెట్టాడు.

"రెండున్నర గంటలు దండగ్గా కూర్చున్నావు కదమ్మా."

"దండగెందుకురా?" ఆమె మిషను పట్టుకుని మెల్లగా లేచింది. "మీ పిన్ని నా మొహం తనివితీరా చూసుకునేదాకా కదలకుండా కూర్చోవద్దూ?"