దించనా, అక్కా?

ఆటలు తయారుచేసే ఆ కంపెనీ మూతపడ్డ సంగతి గోడలకింకా తెలిసినట్టు లేదు. వాటి మీద రాజుగారూ, గజదొంగా, చేపలమ్మే ముసలమ్మా ఎప్పటిలాగే నవ్వుతున్నారు. కింద మాత్రం కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కాఫీ మిషన్‌ని ఎవరో విప్పుకుపోయారు. దాని వెనకాల గోడ మీద ఇన్నేళ్ళ కాఫీ మరక మిగిలింది. మధ్యాహ్నపు ఎండ కిటికీల్లోంచి దూరి, తెగిన వైర్ల మధ్య తీరిగ్గా పడుకుంది.

"తొందరగా కానియ్యమ్మా," అన్నాడు వాచ్‌మన్ తాత తాళాలగుత్తి ఆడిస్తూ. "సాయంత్రం కరెంటాయనొచ్చి మెయిన్ పీకేస్తాడు. రేపు పొద్దున్నే కెమెరాలు విప్పడానికి మనుషులొస్తారు. ఇన్నేళ్ళూ దొంగలు రాకుండా కాపలా కాశాను. చివరికి ఓనర్లే ఊడ్చుకుపోయారు చూడు."

ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. బొమ్మలకు నడక నేర్పడం ఆ కంపెనీలో ఆమె ఉద్యోగం. నిజం చెప్పాలంటే నేర్పింది ఆమె చెల్లెలు. నల్లటి బిగుతు దుస్తుల మీద తెల్లటి చిన్న చిన్న బంతులు అంటించుకుని చెల్లెలు నడిచేది. చుట్టూ ఉన్న కెమెరాలకు మనిషి కనపడదు, బంతులే చుక్కల్లా కనపడతాయి. ఆ చుక్కల నడకను తీసి అక్క బొమ్మలకు తొడిగేది. అందుకే రాజుగారిదీ, గజదొంగదీ, ముసలమ్మదీ ఒకటే నడక. చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డ చెల్లెలికి ఎడమకాలు ఒక్క పిసరు ఆలస్యంగా నేలకి ఆనేది. ఆ రాజ్యంలో అందరికీ అంతే. ఈ రాజూ దొంగా ఒక కడుపున పుట్టినట్టున్నారే అని ఆట ఆడేవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

పోయిన వానాకాలంలో చెల్లెలు జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదు. ఆమె కూతురు చిట్టి ఇప్పుడు పెద్దమ్మ దగ్గరే ఉంటోంది. ఏడుపొచ్చినప్పుడల్లా ఫోనులో ఆ ఆట తెరిచి, ముసలమ్మ వెనకాలే వీధులన్నీ తిరిగేది. "అమ్మ నడుస్తోంది" అనేది. కంపెనీతో పాటు ఆటని నడిపే కంప్యూటర్లూ ఆగిపోయాయి. నిన్నటి నుంచి ఫోనులో ఆట తెరుచుకోవడం లేదు. నిన్నటి నుంచి చిట్టి అన్నం ముట్టలేదు. ఇందాక బయల్దేరుతుంటే చున్నీ పట్టుకుని వదల్లేదు.

"అమ్మని తెస్తావుగా పెద్దమ్మా?"

"తెస్తాను," అంది ఆమె. ఒట్టు కూడా వేసింది.

చుక్కల గది మేడ చివరన ఉంది. కిటికీల్లేవు. గోడలకీ పైకప్పుకీ నల్ల రంగు. బయట ఎండ మండిపోతున్నా లోపల కన్ను పొడుచుకున్నా కనపడదు. రబ్బరు చాపల వాసన, పాత చెమట వాసన. ఫోను లైటు వేసుకుని చూసింది. చెల్లెలి నడకల రికార్డింగులున్న కంప్యూటర్ల వరుస ఖాళీ. బల్ల మీద దుమ్ములో నాలుగు చదరపు గుర్తులు మిగిలాయి. కెమెరాలకు తగిలించిన పాత కంప్యూటరు ఒక్కటే మిగిలింది, దాన్ని ఎవరూ ఊరికే ఇచ్చినా తీసుకోరు.

దాన్నే ఆన్ చేసింది. పైన కెమెరాల ఎర్రటి లైట్లు ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి. ఒక్క ఫైలైనా మిగిలి ఉంటుందని గాలించింది. ఒక్కటీ లేదు. చిట్టికి ఏ మొహం చూపించాలో తెలియక, బల్ల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

తలెత్తేసరికి తెర మీద చుక్కలున్నాయి.

మూలనున్న బంతుల డబ్బా మూత తెరుచుకుందేమో అనుకుంది. లేచి వెళ్ళి చూసింది. మూత వేసే ఉంది. అయినా డబ్బాని తీసుకెళ్ళి బయట వరండాలో పెట్టి, తలుపు మూసి వచ్చింది. నల్ల దుస్తులు మేకుకి ఖాళీగా వేలాడుతున్నాయి, వాటి మీద ఒక్క బంతి కూడా లేదు.

చుక్కలు అలాగే ఉన్నాయి. తల, భుజాలు, మోకాళ్ళు, మడమలు. రెండు చేతులూ అటూ ఇటూ బారుగా చాచి నిలబడి ఉన్నాయి.

ఆ గదికో పద్ధతి ఉండేది. మొదలుపెట్టే ముందూ, ముగించాకా నడిచే మనిషి అలా చేతులు చాచి నిలబడాలి. కంప్యూటరు దగ్గర కూర్చున్నవాళ్ళు మొదట "నడువు" అనేదాకా, చివర "దించు" అనేదాకా కదలకూడదు. కదిలితే చుక్కలన్నీ కలగాపులగమై పనంతా మొదటికొస్తుంది. చెల్లెలు భుజాలకి నొప్పుల మందు పూసుకుని మరీ నిలబడేది. కాసేపటికే గునిసేది. అక్క కావాలని ఏడిపించేది, "ఆగవే, ఇంకాసేపు" అని.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. గదిలోని మైకు నుంచి వచ్చే సన్నటి హోరు. హోరు వెనకాల... ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

భయం వేసింది. కానీ భయం కంటే ఆశ ఎక్కువైంది. పోర్టబుల్ డ్రైవు తగిలించి, రికార్డు మీట నొక్కింది.

"నడవవే... నా తల్లివి కదూ. చిట్టి కోసం."

చుక్కలు చేతులు దించుకుని నడిచాయి. కుడికాలు. ఒక్క పిసరు ఆలస్యంగా ఎడమకాలు. ఆ నడక చూసి ఆమె నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గది చివరిదాకా వెళ్ళి, తిరిగి, చుక్కలు మళ్ళీ చేతులు చాచి నిలబడ్డాయి.

"అక్కా... దించనా?"

అదే గొంతు. అదే గునిసే తీరు. ఆ మాట ఒక్కటి చెబితే పని అయిపోతుంది. కానీ "దించు" అంటే వెళ్ళిపోతుంది. అది ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

"ఆగవే... ఇంకొక్కసారి."

మళ్ళీ నడిచింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆగమంది. ఎన్నిసార్లయిందో లెక్క లేదు. ప్రతిసారీ చుక్కలు ఇంకొంచెం దగ్గరగా వచ్చి ఆగుతున్నాయని ఆమె చాలాసేపటికి గానీ గమనించలేదు. మొదట గది మధ్యలో. తర్వాత చాప అంచున. ఇప్పుడు... ఇప్పుడు తెర మీద అవి నిలబడ్డ చోటు ఈ బల్లే. ఈ కుర్చీయే.

మెడ మీద చల్లగా తగిలింది. నొప్పుల మందు వాసన ముక్కుపుటాలు మండేంత ఘాటుగా వచ్చింది. తల తిప్పలేదు. తిప్పడానికి ధైర్యం చాల్లేదు. తెర మీద రెండు వరసల చుక్కలు, ఆమె కూర్చున్న చోటికి ఒకటి అటు, ఒకటి ఇటు. చేతులు. సన్నగా వణుకుతున్నాయి.

"భుజాలు లాగేస్తున్నాయే అక్కా... ఇంక నా వల్ల కావట్లేదు... దించనా?"

"వద్దే," అంది ఆమె ఏడుస్తూ. "నన్నొదిలి వెళ్ళకే..."

టప్పుమని కరెంటు పోయింది.

డ్రైవు పీక్కుని, బల్లకి తగిలి, గోడకి తగిలి, ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. మెట్ల దగ్గర తాత ఎదురొచ్చాడు.

"మాటలు వినపడుతున్నాయి. లోపల ఇంకెవరన్నా ఉన్నారా అమ్మా? తలుపు వేసెయ్యనా?"

ఆమె డ్రైవుని చున్నీలో దాచుకుంది.

"ఎవరూ లేరు తాతా. వేసెయ్."

తాళం పడ్డ చప్పుడు మెట్లన్నీ దిగేదాకా వినపడుతూనే ఉంది.

చిట్టి గుమ్మంలోనే కాచుకుని ఉంది. లాప్‌టాప్‌లో చుక్కలు నడవగానే పిల్ల మొహం వెలిగిపోయింది. "అమ్మే! అమ్మే పెద్దమ్మా!" అని చప్పట్లు కొట్టింది. నిన్నటి నుంచి మొదటిసారి ఆకలేస్తోందంది. ఆ మాటకే పెద్దమ్మ కడుపు నిండిపోయింది. పాలు వెచ్చబెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. జరిగిందంతా తన భ్రమేనని, ఏ పాత ఫైలో దొరికి ఉంటుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. పాలు పొంగుకొచ్చేసరికి దాదాపు నమ్మేసింది కూడా.

గ్లాసు పట్టుకుని తిరిగొచ్చేసరికి గదిలో లైటు లేదు. లాప్‌టాప్ వెలుతురు మాత్రమే ఉంది. తెర మీద ఒక్క చుక్క కూడా లేదు.

చిట్టి గది మధ్యలో నిలబడి ఉంది. చేతులు రెండూ బారుగా చాచి.

నొప్పుల మందు వాసన.

"చిట్టీ... ఏం ఆటే ఇది? దించు తల్లీ."

దించలేదు. చేతులు వణుకుతున్నాయి. కళ్ళ నిండా నీళ్ళు.

"దించు బంగారం. దించు. దించు!"

ఎన్నిసార్లు అడిగినా ఎంతసేపు అడిగినా చెప్పలేకపోయిన మాట ఇప్పుడు ఆగకుండా వస్తోంది. గ్లాసు జారి పాలు నేలపాలయ్యాయి. పరుగున వెళ్ళి పిల్ల మోచేతులు పట్టి కిందికి లాగింది. రాయిలా ఉన్నాయి.

"నేను ఎత్తలేదు పెద్దమ్మా..." చిట్టి గుసగుసగా అంది. "ఇక్కడ చెబితే అమ్మకి వినపడట్లేదంట. ఆ గదిలోనే చెప్పాలంట."

తాళం వేసిన గది. కరెంటు లేని గది. తెల్లారితే కెమెరాలు కూడా ఉండవు.

లాప్‌టాప్ వెలుతురులో ఆమెకి చిట్టి గౌను చేతులు కనిపించాయి. రెండు మణికట్ల దగ్గరా బట్ట లోపలికి నొక్కుకుపోయి ఉంది, ఎవరో పట్టుకున్నట్టు, ఐదేసి వేళ్ళ గుర్తులుగా.