మూలగదిలో దెబ్బలు

ఆ ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు చివర ఒక గది ఉండేది. మంచం పట్టి కదల్లేని మనుషుల్ని అందులో పెట్టేవారు. పగలంతా దాన్ని మూలగది అనేవారు గానీ, రాత్రి డ్యూటీ వాళ్ళు ఆ పేరు కూడా ఎత్తేవారు కాదు... "అటుపక్క" అని గడ్డంతో చూపించి ఊరుకునేవారు.

ఎందుకంటే, రాత్రిపూట అటుపక్క ఒంటరిగా వెళ్ళినవాళ్ళు దెబ్బలు తిని వచ్చేవారు.

ఉత్తుత్తి భయం కాదు, నిజంగా దెబ్బలే. స్ట్రెచర్ తోసే అతని బొటనవేలు విరిగింది. పొద్దున ఆపరేషన్ ఉన్న మనిషికి గడ్డం గీద్దామని వెళ్ళిన మంగలి పెదవి చిట్లి బయటికొచ్చాడు. పెట్టె లోపలే వదిలేశాడు, దాని కోసం మళ్ళీ రానేలేదు. ఎవరు కొట్టారని అడిగితే, ఎవరూ కనబడలేదనేవారు. ఆ గదిలో ఒక పహిల్వాను చచ్చాడని కొందరు, కాదు ఎవరో అత్తగారు చచ్చిందని కొందరు. దెబ్బల బలాన్ని బట్టి చూస్తే అత్తగారే అయ్యుంటుందని వార్డు ఆయమ్మ తేల్చేసింది.

ఇలాంటి మాటలు చెవిన పెట్టని మనిషి ఒకావిడ ఆ వార్డులో ఉండేది. ఆమె నడిచి వెళ్తుంటే గాలికి తెరలు ఎగిరేవి కాబట్టి అందరూ రైలు సిస్టర్ అనేవారు. ఇద్దరు పట్టే పని ఒక్కతే చేసి పారేసేది. సూది గుచ్చడమైనా, గొట్టం వెయ్యడమైనా, రోగి 'అబ్బా' అనేలోపు అయిపోయేది. మనసు చెడ్డది కాదు. చేతులకే ఓపిక లేదు.

అప్పట్లో మూలగదిలో ఉన్నది ఒక లారీ డ్రైవరు. భారీ మనిషి. తలలో నరం చిట్లి ఒళ్ళంతా చచ్చుబడింది, మాట పడిపోయింది. కళ్ళు మాత్రం మనుషుల వెంట తిరిగేవి. వీపు మీద పుండు పడకుండా అతన్ని మధ్యమధ్యలో ఈ పక్కకీ ఆ పక్కకీ తిప్పాలి. అది ఇద్దరు చెయ్యాల్సిన పని. ఆ రాత్రి రెండో నర్సు రక్తం తేవడానికి కిందికి వెళ్ళింది.

"ఆయమ్మా, ఒక చెయ్యి వెయ్యి, రా."

"అటుపక్కకా? నన్ను చంపినా రానమ్మా" అని ఆయమ్మ గుసగుసగా అంది. "ఆ రెండో సిస్టర్ వచ్చేదాకా ఆగు తల్లీ."

రైలు ఎక్కడైనా ఆగుతుందా... విసురుగా వెళ్ళింది.

బయట బల్ల మీద డ్రైవరు భార్య నిద్రపోతోంది. కారిడార్ వెలుతురు చాల్లే అనుకుని సిస్టర్ లైటు వెయ్యలేదు. లోపలికి అడుగు పెట్టగానే స్ప్రింగు తలుపు వెనకనే మూసుకుంది. అయినా ఆమెకేం లెక్క, చీకట్లో కూడా ఆ చేతులు ఆగేవి కావు. దుప్పటి లాగేసింది. అతని మణికట్టు పట్టుకుని చెయ్యి ఆ పక్కకి విసిరింది. వీపు కింద రెండు చేతులూ దూర్చి ఒక్క తోపు తోసింది.

తోపు ఎక్కువైంది. ఆ మంచం గోడకి ఆనించి ఉంటుంది. అందుకే ఇద్దరు కావాలి, ఒకరు తల దగ్గర నిలబడి ఆపాలి. ఆపేవాళ్ళు లేక ఆ పెద్ద ఒళ్ళు పక్కకి తిరగడంతో ఆగక బోర్లా పడింది. ముఖం దిండులో కూరుకుపోయింది... గుర్‌మన్న శబ్దం ఒకటి వచ్చి ఆగిపోయింది.

అతనికి ఊపిరి ఆడటం లేదు.

సిస్టర్ గబుక్కున మీదికి వంగింది—

గొంతు మీద దెబ్బ పడింది.

ఎముక తగిలినట్టు, గట్టిగా. కెవ్వుమందామంటే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. వెనక్కి పడబోయి నిలదొక్కుకుని మళ్ళీ వంగింది. ఈసారి కణత మీద. కళ్ళు బైర్లు కమ్మాయి. కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి కారింది.

చీకట్లో ఎవరూ కనబడలేదు... ఎవరిదీ అడుగుల చప్పుడు కూడా లేదు.

తలుపు దగ్గరే ఉంది. పారిపోవచ్చు. కానీ పారిపోయి, మనుషుల్ని పిలిచి, తిరిగొచ్చేసరికి ఇతను ఉండడు. తన చేతుల మీదుగా పోతాడు. బయట పడుకున్న ఆమెకి ఏమని చెప్పాలి?

పళ్ళు బిగబట్టి అతని భుజం పట్టుకుని గుంజింది. ఆమె మణికట్టు ఎవరికో చిక్కింది. అది మెలి తిరిగింది... లోపల ఏదో పటుక్కుమంది. రెండో చేత్తో గుంజింది. జడ చిక్కింది. తల వెనక్కి లాగి, ఇనప మంచం కడ్డీకేసి కొట్టింది ఆ పట్టు. మళ్ళీ కొట్టింది. నోట్లో పన్ను ఊడింది. ఆమె మోకాళ్ళ మీద కూలబడింది. అయినా జడ వదల్లేదు.

డ్రైవరు ఒళ్ళు చిన్నగా అదిరింది. తర్వాత ఆ అదురు కూడా ఆగిపోయింది.

అప్పుడు ఆమెకి దెయ్యం సంగతి పోయి, ఆ మనిషి సంగతే మిగిలింది. కొట్టేవాళ్ళని బతిమాలలేదు. నెత్తురు మింగి, అతని చెవి దగ్గర గుసగుసలాడింది.

"అన్నా... తప్పు నాదే. మిమ్మల్ని బోర్లా పడేశాను. ఇప్పుడు భుజం కింద చెయ్యి పెడతాను."

పట్టు బిగుసుకునే ఉంది... కానీ గుంజలేదు.

"చెయ్యి పెట్టాను. నడుం దగ్గర ఇంకోటి పెడుతున్నాను. కొంచెం నొప్పి పుడుతుంది అన్నా. నా వైపుకి తిప్పుతున్నాను... మెల్లగా."

చదువుకునే రోజుల్లో నర్సులకి చెప్పే మొదటి పాఠం ఇదే. రోగికి తెలివి ఉన్నా లేకున్నా, ముట్టుకునే ముందు చెప్పాలి. వార్డులోకి వచ్చాక అందరికంటే ముందు మరిచిపోయేదీ ఇదే.

జడ మీద పట్టు వదులైంది.

విరిగిన మణికట్టుతోనే ఆమె ఆ కొండలాంటి మనిషిని తిప్పింది. నోరు తుడిచి, గడ్డం పైకెత్తి, చేసే ప్రతి పనీ చెబుతూనే ఉంది. కాసేపటికి అతని ఛాతీ ఎగిసింది. ఒక దగ్గు... ఇంకో దగ్గు... తర్వాత ఊపిరి. ఆమె అతని ఛాతీ మీద నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు కూడా చెప్పకుండా రాలేదు, "ఏడుస్తున్నానన్నా" అనే ఏడ్చింది పాపం.

ఆ దగ్గుకి భార్య లేచి వచ్చి లైటు వేసింది.

"అయ్యో... సిస్టరమ్మా! ఎవరమ్మా కొట్టింది?"

సిస్టర్ చుట్టూ చూసింది. గోడలు. మంచం. మందుల బల్ల. తలుపు వెనక కూడా ఎవరూ లేరు.

"ఎవరూ లేరమ్మా" అంది. "ఈయన బాగానే ఉన్నారు."

ఒళ్ళు తుడుద్దామని గుడ్డ తడిపింది. అప్పుడు కనబడింది, డ్రైవరు కుడిచెయ్యి. పొద్దున డాక్టరు సూదితో పొడిచినా ఉలకని చెయ్యి. అది పిడికిలి బిగించి ఉంది. కణుపుల మీద తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది. వేళ్ళ సందుల్లోంచి కుచ్చుగా పొడవాటి వెంట్రుకలు వేలాడుతున్నాయి. కుదుళ్ళతో సహా ఊడొచ్చిన వెంట్రుకలు... ఆమెవే.

ఆమెకి అప్పుడర్థమైంది. ఊపిరి అందక చస్తూ కూడా ఈ మనిషి ఊపిరి కోసం పెనుగులాడలేదు. చెప్పకుండా మీద పడ్డ ఆమె చేతుల్ని ఆపడానికి పెనుగులాడాడు. స్ట్రెచర్ తోసే అతనూ, మంగలీ కూడా అప్పట్లో ఈ మంచం మీదున్న మనుషుల్ని చెప్పకుండానే ముట్టుకుని ఉంటారు.

డ్రైవరు కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

"అన్నా" అంది ఆమె, ముట్టుకోకుండా. "మీ వేళ్ళు తెరుద్దామనుకుంటున్నాను. తెరవనా?"

"ఆయనకి ఏం తెలుస్తుందమ్మా, ఎవర్ని అడుగుతున్నావు?" అంది భార్య.

సిస్టర్ చెయ్యి చాపి, తాకకుండా ఆపి, ఎదురుచూసింది.

పిడికిలి దానంతటదే తెరుచుకుంది... ఒక్కో వేలూ, మెల్లగా. ఆ తర్వాత ఎవరెంత ప్రయత్నించినా ఆ చెయ్యి మళ్ళీ కదల్లేదు.