కడుక్కోని చేతులు

మా విషపరీక్షల ల్యాబులో మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషన్లకు తప్ప అందరికీ కునుకు వస్తుంది. ఆ రోజు నేను ఆవలింతలు ఆపుకుంటూ ఒక ముసలాయన వెంట్రుకలు పరీక్షిస్తున్నాను. ఆయనకి ఎవరో పాషాణం పెట్టి చంపారని కూతుళ్ల అనుమానం.

పాషాణమంటే ఆర్సెనిక్. రుచీ వాసనా లేని తెల్లటి పొడి. ఒకప్పుడు అది పెట్టినవాళ్లు దర్జాగా తిరిగేవాళ్లు. పోయినవాడికి వాంతులూ విరేచనాలూ అయ్యాయి కాబట్టి వైద్యుడు కలరా అని తేల్చేసేవాడు. ఆస్తి కోసం తొందరపడేవాళ్లకి అది ఎంతగా పనికొచ్చిందంటే, ఒక దేశంలో దానికి వారసుల పొడి అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. చివరికి ఒక రసాయనవేత్త దాన్ని గాజుగొట్టంలో నల్లటి మెరుపు మరకగా పట్టి చూపించాడు. మా వృత్తి అక్కణ్ణుంచే బతికి బట్టకట్టింది.

మా సెక్షన్ పెద్దాయన కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు ఉప్పు చూపించి, "ఇది విషమా, కాదా?" అని అడుగుతారు. కాదంటే, "అయితే ఓ గ్లాసుడు తిను, చూద్దాం" అంటారు. మోతాదు సంగతి చెప్పకుండా విషం గురించి నోరెత్తితే ఆయన ఊరుకోరు.

వెంట్రుక నెలకి చిటికెనవేలి గోరంత పెరుగుతుంది. ఒంట్లో చేరిన పాషాణం ఆ నెల పెరిగిన ముక్కలో ఉండిపోతుంది. కుదురు దగ్గరున్నది ఈ మధ్యది, కొసన ఉన్నది పాతది. పోల్చి చూడడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల వెంట్రుక కూడా కావాలి కదా, దానికి మేమే వంతులవారీగా మా తలలు అప్పగిస్తాం. ఆ వారం వంతు నాది.

ముసలాయన వెంట్రుకలో ఏమీ లేదు. నా వెంట్రుకలో ఉంది.

గాజుసామాను మార్చి, వెంట్రుకలు మళ్లీ కడిగి, మొదటినుంచీ చేశాను. కొస వైపు శుభ్రంగా ఉంది. మధ్య నుంచి కుదురు దాకా పాషాణం, కుదురుకి దగ్గరయ్యేకొద్దీ ఎక్కువగా. గోరు పెట్టి వెనక్కి కొలుచుకుంటూ వెళ్లాను. మా ఆయన చనిపోయిన నెల దగ్గర ఆగింది.

పెద్దాయన ఫలితం చూసి కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఏమ్మా, ఇంట్లో ఎవరికైనా మీ మీద కోపమా?"

"మా అత్తయ్యకి ఉంది సార్. కానీ ఆవిడ వంటింటి గడప తొక్కరు."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "ఆసుపత్రికి వెళ్లండి. ఇవాళే" అన్నారు.

నాకు భయం వేయలేదు. మా ఆయన పోయినప్పటినుంచి ఏడుపు రావడం లేదు, ఆకలి వేయడం లేదు, ఎవరి మీదా కోపం కూడా రావడం లేదు. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కినట్టు ఉంటే అదీ దుఃఖంలో భాగమే అనుకుని వదిలేశాను. ఆసుపత్రిలో రక్తం ఇచ్చేటప్పుడు సూది గుచ్చింది కూడా తెలియలేదు. చిట్టి గుర్తొచ్చాక మాత్రం కూర్చోలేక ఇంటికి పరుగెత్తాను. నా కూతురు నేను తిన్నదే తింటుంది, నేను తాగిన నీళ్లే తాగుతుంది.

విషం మామూలుగా మూడు దారుల్లో వస్తుంది. నోరు, ఊపిరి, చర్మం. ఇంట్లో నీళ్లు, ఉప్పు, పిండి, పాలు, ఆఖరికి అత్తయ్య మందుబిళ్లలు కూడా తెచ్చి పరీక్షించాను. గోడల రంగు గీకి తెచ్చాను. ఎందులోనూ ఏమీ లేదు. చిట్టి నిద్రపోతుంటే జడ కొస కాస్త కత్తిరించి తెచ్చాను. అదీ శుభ్రంగానే ఉంది. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఇక మిగిలింది చర్మం. మా ఇంట్లో పాషాణం ముట్టుకునే మనిషి మా ఆయన ఒక్కరే. మ్యూజియంలో పొట్టు కూరిన పాత జంతువులని బాగుచేసేవారు. వెనకటివాళ్లు ఆ తోళ్లకి పురుగు పట్టకుండా పాషాణం పట్టించేవాళ్లు. "మాలాంటివాళ్లం ఉండబట్టే నీకు ఉద్యోగం" అని నన్ను ఆటపట్టించేవారు. అయితే ఇంటికి రాగానే మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుంటే తప్ప నన్నుగానీ పాపనిగానీ ముట్టుకునేవారు కాదు. ఆయన ఉన్నన్నాళ్లూ నా వెంట్రుకకి ఏ మచ్చా లేదు. ఒక రోజు పులి తోలు కుడుతూ, బల్ల మీదే తల వాల్చి పోయారు. బట్టలుగానీ పనిముట్లుగానీ నేను ఇంటికి రానివ్వలేదు.

మర్నాడు పెద్దాయనతో, "పాపకి ఏమీ లేదు సార్" అన్నాను.

"పోనీలెండి, గండం గడిచింది. వెంట్రుక ఏ వైపు తీశారు?" అన్నారు చేతిలో పని ఆపకుండానే.



పాప జడ పాడవుతుందని చివర్న కత్తిరించాను. కొత్తగా చేరినవాళ్లు ఈ పని చేస్తే చెడామడా తిట్టేదాన్ని. అంత పొడుగు జడకి చివర్న ఉన్నది వాళ్ల నాన్న ఉన్నప్పటి వెంట్రుక. ఇప్పటి వెంట్రుక నేను చూడనే లేదు.

పెద్దాయన నా మొహం చూసి, "వెళ్లండి" అన్నారు.

ఇల్లు చేరేసరికి వాన. ఇంకా సాయంత్రమే అయినా మబ్బుకి చీకటి పడిపోయింది. కరెంటు లేదు. అత్తయ్య ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"చిట్టి ఏది అత్తయ్యా?"

"లోపల జడ వేయించుకుంటోంది."

"ఎవరితో?"

ఆవిడ నన్నూ, నా తడిసిన చెప్పులనీ చూశారు. "అదేంటమ్మాయ్... వేస్తున్నది నువ్వు కాదూ? రోజూ ఈ వేళకి మాటలు వినిపిస్తూనే ఉంటాయిగా..."

నడవాలోకి రాగానే వాసన తగిలింది. పాత తోలు. కలరా ఉండలు. మా ఆయన చొక్కా విప్పినప్పుడు వచ్చే వాసన.

పడకగది తలుపు ఓరగా వేసి ఉంది. తోశాను.

చిట్టి నేల మీద కూర్చుని ఉంది, మంచానికి వీపు ఆనించి. జుట్టు విరబోసి ఉంది. వెనక ఎవరూ లేరు. అయినా జుట్టు పాయలు పాయలుగా విడిపోతోంది... ఒక పాయ పైకి లేచి, చిక్కు విడి, మెల్లగా భుజం మీదకి వాలుతోంది. మళ్లీ ఇంకొకటి...

"అమ్మా, మెల్లగా రా..." గుసగుసగా అంది. "నాన్న చిక్కు తీస్తున్నాడు."

ఫోన్ లైటు వేశాను. పాపిడి పొడవునా తెల్లటి పొడి. మెడ మీద... చెవి వెనక... వేళ్ల వెడల్పున గీతలు.

"నా చేతులకి చీమలు పట్టినట్టుందమ్మా. రోజూ..."

అప్పుడు ఏడుపొచ్చింది. భయంతో కాదు. ఒక్క వెంట్రుక తెగకుండా ఎంత ఓపిగ్గా తీస్తున్నారో చూసి. ఆ రోజు మ్యూజియంలో ఆయన చేతులు కడుక్కోకుండానే పోయారు. ఆ చేతులతోనే రోజూ వస్తున్నారు. రోజూ కొంచెం నాకు... రోజూ కొంచెం పాపకి. దగ్గరకి తీసుకున్న కొద్దీ మోతాదు పెరుగుతోంది.

పాపని లాక్కుని పారిపోవచ్చు. కానీ కాళ్లు కదల్లేదు. నోరే కదిలింది. ఎప్పుడూ అనే మాటే వచ్చింది.

"ముందు చేతులు కడుక్కుని రండి."

పైకి లేచిన పాయ అలాగే ఆగిపోయింది... తర్వాత భుజం మీదకి జారింది. నా పక్కనుంచి చల్లగా ఏదో వెళ్లింది. నడవాలో అడుగులు. పెరట్లో కుళాయి తిరిగింది. నీళ్లు... సబ్బుపెట్టె మూత తీసిన చప్పుడు. మోచేతుల దాకా రుద్దుకుంటే ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు.

ఆయన మాట విన్నారు. పాప బతుకుతుంది. మోకాళ్ల మీద కూలబడి దాని మొహం చేతుల్లోకి తీసుకున్నాను. ఎడమ చేతికి ఆ బుగ్గ తెలియడమే లేదు.

చిట్టి మాత్రం తల తిప్పలేదు.

"అమ్మా... నాన్న వెళ్లాడుగా..."

"వెళ్లారమ్మా."

"మరి మ్యూజియం నుంచి నాన్నతో వచ్చిన ఈ తాతలు వెళ్లరా?"

పెరట్లో నీళ్లు ఇంకా పారుతూనే ఉన్నాయి. చిట్టి తల మీద జుట్టు మళ్లీ విడిపోవడం మొదలైంది... ఒక చోట కాదు.