రుయ్‌ఫెన్ తిన్న గిన్నె

రుయ్‌ఫెన్‌ను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు ఎండ మామూలుగానే వచ్చింది. కోడలు గుయ్‌లాన్ పొయ్యి మీంచి కొర్ర జావ దింపింది. ముసలాయన దెహౌ వంటింటి అరలన్నీ వెతికాడు. పోయిన భార్య తినే నీలి గిన్నె కనిపించలేదు.

తొంభై నాలుగేళ్లు బతికి నిద్రలోనే పోయింది రుయ్‌ఫెన్. అలాంటిదాన్ని ఊళ్లో సంతోషపు చావు అంటారు. గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టారు. వచ్చినవాళ్లు తిని, తాగి, తిన్న గిన్నెలు కోటుల్లో దాచుకుని పట్టుకుపోయారు. ఆ గిన్నెల్లో తింటే పిల్లలకు ఆయుష్షు పెరుగుతుందట. ఇంటివాళ్లు చూడనట్టు ఊరుకోవాలి. తిరిగి అడిగితే ఆ పిల్లల ఆయుష్షు లాక్కున్నట్టే. అందుకే కొడుకు చాంగ్‌షెంగ్ సంతలో గంపలకొద్దీ కొత్త గిన్నెలు కొన్నాడు.

విందులో అందరూ ఆమె ముచ్చట్లే చెప్పుకున్నారు. పెళ్లికూతురిగా వస్తుంటే గాడిద దారిలో పడుకుందని ముసుగు తీసి పకపకా నవ్విందట. పంట పోయిన ఏడాది పిల్లలకు ఉడికించిన ఆకులు పెడుతూ, ఇది పంది మాంసం, ఇది రొయ్య అని పేర్లు పెట్టిందట. ఎనభై దాటాక కూడా కళ్లంలో విసనకర్ర పట్టుకుని పడుచుపిల్లల ముందు నిలబడి ఆడింది. చెప్పేవాళ్లు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. దెహౌకు ఒక్కరూ మనిషిలా కనబడలేదు. తన పక్కన పడుకున్న మనిషి పోతే ఊరంతా పళ్లు చూపించింది. అదృష్టవంతుడివి తాతా అన్నవాణ్ణి బల్ల దగ్గర్నుంచి లేపేశాడు.

"గిన్నె ఏది?" అన్నాడు ఇప్పుడు.

"విందు గిన్నెల్లో కలిసిపోయి ఉంటుంది మామయ్యా."

"నడిచెళ్లి కలవడానికి దానికి కాళ్లున్నాయా?"

చాంగ్‌షెంగ్ లోపలికి వచ్చి, అలాంటిదే ఇంకొకటి సంతలో దొరుకుతుందన్నాడు.

"మీ అమ్మను కూడా కొనుక్కురా. పెద్ద సంతేగా."

దెహౌ కోడలి మీదికి తిరిగాడు. ముసలిదాని వస్తువులు ఎప్పుడు బయట పారేద్దామా అని కాచుకుని కూర్చున్నావన్నాడు. మంచాన పడ్డ అత్తకు మూడేళ్లు తల దువ్వి, ఒళ్లు తుడిచిన మనిషి గుయ్‌లాన్. గరిటె కింద పెట్టింది.

"నేనే పెట్టాను బల్ల మీద. అత్తయ్య పెట్టమంది."

చలికాలంలోనే చెప్పిందట రుయ్‌ఫెన్. నా విందులో నా గిన్నె కూడా పెట్టు, ఛాయ్‌యున్ కూర్చునే చోట పెట్టు, అని. వీధి చివరింటి ఛాయ్‌యున్‌కు ఇద్దరు బిడ్డలు పోయారు. మూడోది సరిగా ఎదగడం లేదు.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పొద్దంది."

"ఎందుకని?"

గుయ్‌లాన్ చొక్కా అంచుతో చేతులు తుడుచుకుంది. "దాచేస్తాడు అంది మామయ్యా. అని నవ్వింది."

దెహౌ కర్ర అందుకున్నాడు. అడగకూడదు నాన్నా, ఊరు మొహాన ఉమ్ముతుంది అంటూ చాంగ్‌షెంగ్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఉమ్మనీ. తుడుచుకుంటాను."

ఛాయ్‌యున్ గడపలో పీట మీద కూర్చుని పిల్లకు జావ తాగిస్తోంది. పిల్ల పేరు యాయా. మూడేళ్లు వచ్చినా కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. దాని ముందున్నది నీలి గిన్నె. ముసలాయన్ను చూడగానే ఛాయ్‌యున్ లేచి నిలబడింది. ఎందుకొచ్చావని అడగలేదు.

"కడిగి ఇస్తాను తాతయ్యా" అంది. గొంతులో ఏడుపు లేదు. ఇద్దర్ని మట్టిలో పెట్టిన మనిషి గొంతు అది.

ఆమె గిన్నె తీయబోతే యాయా రెండు చేతులా పట్టేసుకుంది.

"చేప ఇంకా రాలేదు" అంది.

గిన్నె అడుగున చిన్న చేప బొమ్మ ఉంది. రుయ్‌ఫెన్ ప్రతిపూటా తినడం అయ్యాక, దొరికింది అనేది, చిన్నపిల్లలాగా. ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చుని తిన్న దెహౌ ఒక్కసారి కూడా, ఏం దొరికిందే అని అడగలేదు. గొంతు పెంచకుండా తిను అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు ఎవరిని అడుగుతాడు?

ఛాయ్‌యున్ గిన్నె వదిలించడానికి పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విప్పుతోంది. దెహౌ కర్రతో ఆమె చెయ్యి పక్కకు నెట్టాడు.

"ఉండనీ" అన్నాడు. "ఇటువైపు అంచు పగిలి ఉంది. అక్కడ పెదవి పెట్టనీయకు, తెగుతుంది."

ఇల్లు గుర్తొచ్చింది. అక్కడ ఎదురు పీట ఖాళీ. వెనక్కి తిరగబోయి ఆగాడు. పరాయి గడప మీద కూలబడి, పెళ్లాం పోయాక మొదటిసారి పైకి ఏడ్చాడు.