సరస్సు నడుమ ఆగిన పడవ

కుర్చీ చూపించినా ఆ అమ్మాయి కూర్చోలేదు. గుమ్మం దాటి రెండడుగులు వేసి అక్కడే నిలబడిపోయింది.

"మా నాన్న ప్రాణం మీదికి నేనే తెచ్చానంటున్నారండీ. అది నిజమో కాదో మీరే తేల్చి చెప్పాలి."

ఆమె వచ్చింది లాయరమ్మ దగ్గరికి. ఆ ప్రైవేటు డిటెక్టివ్ ఏనాడూ కోర్టు మెట్లెక్కి వాదించలేదు కానీ, ప్రశ్నలు వేసే తీరు చూసి జనమే ఆ పేరు పెట్టారు. పక్క బల్ల దగ్గర ఆమె అసిస్టెంటు. లాయరమ్మ పొద్దు పడమట పొడుస్తుందంటే మంచం అటు తిప్పుకుని పడుకునే మనిషి.

మంచినీళ్లు తాగాక అమ్మాయి జరిగింది చెప్పింది. తండ్రి సరస్సులో పడవ మీద జనాన్ని తిప్పుతాడు. తెడ్డు వేసీ వేసీ కుడి భుజం పాడైంది. అందుకని కూతురే పడవ వెనక తగిలించే చిన్న కరెంటు మోటారు, ట్రోలింగ్ మోటారంటారు, కొనిపెట్టింది. దానికి ఏ బ్యాటరీ కావాలో నలుగురినీ అడిగి, నాలుగు దుకాణాలు తిరిగి తనే ఎంచింది. ఈ సంగతి సరస్సు కమిటీ చెవిన పడింది. కరెంటు పడవ అవతలి గట్టుకు వెళ్లి ఆగకుండా తిరిగొస్తే, పొగ చిమ్మే పెట్రోలు బోట్లను మాన్పించేస్తామని కమిటీ ప్రకటించింది.

పరీక్ష రోజు ఊరంతా ఒడ్డునే ఉంది. వెళ్లేటప్పుడు పడవ హాయిగా వెళ్లింది. తిరుగుదారిలో సరస్సు నడుమ మోటారు నీరసించి ఆగిపోయింది. అదే సమయానికి గాలి తిరిగి పడవను ఆనకట్ట వైపు నెట్టింది. ఆ భుజంతో తండ్రి తెడ్డు వేయలేకపోయాడు. పడవ తూము స్తంభానికి కొట్టుకుని తిరగబడింది. పెట్రోలు బోటు నడిపే బాబాయి దూసుకెళ్లి, నీళ్లలోకి దూకి అన్నను పైకి లాగాడు. పక్కటెముకలు విరిగాయి గానీ ప్రాణం దక్కింది.

ఇప్పుడు బాబాయి దేవుడు, అమ్మాయి దోషి. చవకకు ఆశపడి నాసిరకం తెచ్చిందని సగం మంది, సరిగ్గా ఛార్జి పెట్టలేదని మిగతా సగం.

"బ్యాటరీ ఇంటికెలా తెచ్చారు?" అని లాయరమ్మ అడిగింది.

"నాన్న ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని. దారిలో దించి ఆయాసం తీర్చుకున్నాం కూడా."

మర్నాడు ఉదయం లాయరమ్మా, అసిస్టెంటూ సరస్సుకు వెళ్లారు. విరిగిన పడవను ఒడ్డుకు లాగి ఉంచారు. బ్యాటరీ పెట్టె మూత తీస్తే, అమ్మాయి చెప్పిన రకం పేరే బ్యాటరీ మీది చీటీలో ఉంది. చీటీ ఒక మూల ముడతపడింది. పెట్టెలో మిగిలిన చోటంతా గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. దుకాణదారు తన సరుకులో లోపం లేదని ప్రమాణాలు చేశాడు. పెట్రోలు బోట్ల షావుకారు దాపరికం లేకుండానే మాట్లాడాడు. పరీక్ష తప్పితే తనకు లాభమేనన్నాడు, కానీ ఆ పూటంతా కమిటీవాళ్ల పక్కనే కూర్చున్నానన్నాడు. మాటల్లో మాటగా, బాబాయి నడిపే బోటు ఈమధ్య స్టార్టవడానికి మొరాయిస్తోందని విసుక్కున్నాడు.

రేవులో ఎవరిని కదిపినా బాబాయి గొప్పే చెప్పారు. పరీక్ష రోజు ఉదయం ఛార్జింగ్ షెడ్డు నుంచి బ్యాటరీ పెట్టె ఒక చేత్తో, తెడ్లు భుజాన వేసుకుని ఒక్క విడతలో తెచ్చాడట. ముందుచూపు మనిషని, పడవ ఆగకముందే బోటు ఇంజను ఆన్ చేసుకుని సిద్ధంగా ఉన్నాడని మెచ్చుకున్నారు.

లాయరమ్మ నవ్వింది. అసిస్టెంటుకు ఆ నవ్వు తెలుసు. కేసు తేలిపోయిందన్నమాట.

తండ్రి ఆస్పత్రి నుంచి వచ్చాక అందరినీ రేవుకు పిలిపించింది. ఛాతీకి కట్టుతో తండ్రి, పక్కన కూతురు, దుకాణదారు, షావుకారు, బాబాయి, కమిటీ పెద్ద వచ్చారు. చేపలు తూచే కాటా మీద అసిస్టెంటు పడవలోని బ్యాటరీ పెట్టాడు. తర్వాత బాబాయి నడిపే బోటులోని బ్యాటరీని ఊడదీసి, ఒగర్చుకుంటూ మోసుకొచ్చి పెట్టాడు. అది మొదటిదానికి దాదాపు రెట్టింపు తూగింది. దాని మీద చీటీ లేదు, జిగురు మరక మాత్రం ఉంది.

"బ్యాటరీలు రెండు రకాలు," అంది లాయరమ్మ. "ఇంజను స్టార్ట్ చేసేది ఒక్క ఊపులో బలమంతా ఇచ్చి తప్పుకుంటుంది. గంటల తరబడి మోటారు తిప్పాలంటే లోపల మందపాటి పలకలున్న డీప్ సైకిల్ బ్యాటరీ కావాలి. అది బరువెక్కువ. ఈ అమ్మాయి సరైనదే కొంది. ఇద్దరు మోసిన బరువు పరీక్ష రోజున ఒక చేతికి ఎలా తేలికైంది? షెడ్డులోనే మార్చేశారు గనక. చీటీ పీకి బోటులోని చిన్నదానికి అంటించి, పెట్టెలో కదలకుండా గుడ్డలు కుక్కారు. పెద్దది దాచడానికి చోటు లేక బోటులో బిగించారు. ఆ పనికి చేసింది కాదు గనక అది మొరాయించింది. పడవ ఆగుతుందని ముందే తెలిసినవాడే ఇంజను వేడిచేసుకుని కూర్చున్నాడు."

అందరి తలలూ బాబాయి వైపు తిరిగాయి. అతను బుకాయించలేదు.

"బోట్లు మానేస్తే నేనేం తిని బతకాలి? ఆగిపోతే చాలనుకున్నాను. తాడు కట్టి నేనే లాక్కొద్దామనుకున్నాను. గాలి తిరుగుతుందనుకోలేదు, అన్నయ్యా."

"నా సంగతి సరే," అన్నాడు తండ్రి మెల్లగా. "ఇన్నాళ్లూ ఊరు దీన్ని ఆడిపోసుకుంటుంటే నోరెలా మూసుకున్నావురా?"

బాబాయి తల వంచుకున్నాడు.

పోలీసులకు ఎవరు చెప్పాలని కమిటీ పెద్ద అడిగాడు. లాయరమ్మ తండ్రి వైపు చూసింది. ఆయన తమ్ముడి వైపు తిరిగాడు.

"స్టేషనుకు నువ్వే నడిచి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు. శిక్ష ఎంతైనా పడనీ. అయ్యాక ఇంటికి రా. కరెంటు పడవ నడపడం నేర్పుతాను."

బాబాయి అన్న పాదాలు తాకబోయి, ఆగి, ముందు అన్న కూతురి ఎదుట చేతులు జోడించాడు. ఆ తర్వాత స్టేషను దారి పట్టాడు. అసిస్టెంటు వెంట వెళ్లబోతే లాయరమ్మ వద్దంది. పారిపోయేవాడైతే ఆనాడు నీళ్లలోకి దూకేవాడు కాదంది.

పరీక్ష మళ్లీ పెట్టడానికి కమిటీ పెద్ద ఒప్పుకున్నాడు. తండ్రికి ఇంకా కట్టు విప్పలేదు. అందుకని వేరే పడవకు అదే మోటారు, అదే పెద్ద బ్యాటరీ బిగించి కూతురే నడిపింది. అవతలి గట్టు తాకి, వెళ్లినంత నిదానంగానే తిరిగొచ్చింది. మోటారుకు చప్పుడు లేదు. పడవ ఇంకా దూరాన ఉండగానే, ఆమె గొంతెత్తి "నాన్నా, ఇంకో చుట్టు తిరిగి రానా?" అని అడగడం ఒడ్డున అందరికీ స్పష్టంగా వినిపించింది.