అప్‌డేట్ అందని కంప్యూటర్

ఆస్పత్రి భవనం డ్రాయింగులు ప్రత్యర్థి కంపెనీ చేతికి చిక్కాయి.

దొంగ ఎవరో ఆర్కిటెక్ట్ మధ్యాహ్నానికల్లా తేల్చేశాడు. ఫైళ్ళు బయటికెళ్ళింది డ్రాయింగులు గీసే అమ్మాయి కంప్యూటర్ నుంచే. రాజీనామా మీద సంతకం పెట్టమన్నాడు.

"పెట్టను."

పోలీసులకు ఫోన్ చేసింది కూడా ఆమే.

సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్ వచ్చీ రాగానే ఆమె ఎదురుగా కూర్చుంది.

"నిన్న ఏం తెరిచావమ్మా?"

"మెయిల్లో వచ్చిన టైల్స్ కేటలాగ్, మేడమ్. పీడీఎఫ్."

"ఏమైనా ఇన్‌స్టాల్ చేశావా?"

"లేదు. తెరిచానంతే. పీడీఎఫ్ చూపించే వ్యూయర్ టక్కున మూసుకుపోయి, దానంతటదే మళ్ళీ తెరుచుకుంది. పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నా, ఎవరి చెవికీ ఎక్కట్లేదు."

ఆర్కిటెక్ట్ బావమరిది ఆ ఆఫీసుకి మేనేజర్. పకపకా నవ్వాడు. "పీడీఎఫ్ తెరిస్తేనే దొంగతనం జరిగిపోతుందా?"

ఇన్‌స్పెక్టర్‌కు నవ్వు రాలేదు. పక్క కంప్యూటర్‌కి నెట్ కేబుల్ పీకించి, అదే ఫైల్ తెరిపించింది. 'ఫైల్ పాడైంది' అని మెసేజ్ వచ్చింది. అంతే.

రెండు కంప్యూటర్ల అప్‌డేట్ రికార్డులూ చూశాక, ఆమె ముగ్గురినీ ఆర్కిటెక్ట్ గదిలోకి పిలిచింది.

"ఫైల్లోని బొమ్మ కోసం వ్యూయర్ మెమరీలో కాస్త చోటు ఉంచుతుంది. ఈ ఫైల్ బొమ్మ చిన్నదని చెప్పి, పెద్దది కుక్కింది. అది పొంగి పక్క చోట్లో పడింది. పడినవి దొంగ ఆదేశాలు. వ్యూయర్ వాటిని తనవే అనుకుని అమలు చేసింది. మూసుకుని తెరుచుకున్నది అప్పుడే."

"మరి పక్క కంప్యూటర్లో?" ఆర్కిటెక్ట్ అడిగాడు.

"అక్కడ అప్‌డేట్ ఉంది. ఆ లోపం పూడ్చేశారు. ఈ అమ్మాయి కంప్యూటర్‌కి మాత్రం అప్‌డేట్ రాకుండా ఆపారు. మేనేజర్ గారి లాగిన్‌తో."

"నా పాస్‌వర్డ్ ఎవరో కొట్టేసుంటారు!" మేనేజర్ లేచాడు.

"మీ లాగిన్‌కి పాస్‌వర్డ్ లేదు. వేలిముద్ర."

అతను మళ్ళీ కూలబడ్డాడు. "ఆ కంపెనీ వాళ్ళు వాటా ఇస్తామన్నారు బావా..." అని గొణిగాడు.

ఆర్కిటెక్ట్ మొహం మాడిపోయింది. "మేడమ్, మా ఆవిడ తమ్ముడు. కేసు లేకుండా చూడండి. అమ్మాయి ఉద్యోగం అమ్మాయికి ఉంటుంది."

"నన్నడక్కండి," అంది ఇన్‌స్పెక్టర్. "ఫిర్యాదు ఆమెది."

అమ్మాయి ఆర్కిటెక్ట్ వైపు తిరిగింది. "మీ ఇంటి పరువు కోసం నా పేరు చెడగొట్టుకోను సార్. కేసు నడవాల్సిందే. నేను దొంగని కానని అందరి ముందూ మీ నోటితో చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ మేనేజర్ భుజం మీద చెయ్యి వేసింది. "పదండి."

ఆర్కిటెక్ట్ తనే తలుపు తీసి స్టాఫ్‌నంతా పిలిచాడు.

కూర్చోమన్నా ఆ అమ్మాయి కూర్చోలేదు. నిలబడే వింది.